జగన్నాథుడు జగ్గర్నాట్ అయిన కథ

ఆంగ్ల వార్తాపత్రికలు చదువు అలవాటు గల తెలుగువారికి జగ్గర్నాట్ అను మాట కొత్తది కాదు. ఎన్నికలలో ఎదురులేక గెలుచుచు పోవు రాజకీయపక్షమును, వరుసగా పందెములు నెగ్గు క్రికెట్టు జట్టును, చిన్న వర్తకులను మ్రింగివేయు మహావాణిజ్యసంస్థను, ఇంగ్లండు దేశపు ఇరుకు వీథులలో ఇండ్ల గోడలు అదరునట్లు పోవు పెద్ద లారీని గూడ ఆ భాషవారు ఈ యొక్క మాటతోనే పేర్కొందురు. అడ్డువచ్చినదానినెల్ల నలిపివేయుచు, ఎవరు వారించినను ఆగక సాగిపోవు మహాశక్తి యని దీని నేటి యర్థము. అట్టి శక్తి క్రింద బుద్ధిపూర్వకముగా పడి నలిగిపోవు అంధభక్తుల ఛాయ యొకటి పాత నిఘంటువులలో ఈ యర్థమునకు వెనుక నిలిచియున్నది. వ్యుత్పత్తి చెప్పవలసిన చోట నిఘంటుకారుడు పూరీక్షేత్రమును, జగన్నాథస్వామిని, రథయాత్రను ఒక్క పంక్తిలో తలచి ఊరకుండును. ఆ పంక్తిలో ఎంత సత్యమున్నది, ఎంత వినికిడి యున్నది, ఆ వినికిడి ఎవరి నోట పుట్టి ఎవరి కలమున పెరిగినది అను ప్రశ్నలు మిగిలియే యున్నవి. వీనిని విచారించుటకు పూరీ వీథి యెంత తగిన చోటో, వంశధార యొడ్డున నున్న శ్రీముఖలింగము గూడ అంత తగిన చోటని నా తలంపు; ఏలయన జగన్నాథునకు నేడు మనము చూచు మహాలయమును కట్టించిన వంశము ఈ యూరినుండియే వెడలి ఉత్కలమున కేగినది.

ముందుగా మాట యొక్క రూపమును చూతము. జగత్తు, నాథుడు అను రెండు పదములు కలియగా తకారము నకారమై జగన్నాథ శబ్దమగుట సంధులు చదివిన ప్రతి విద్యార్థియు ఎరిగినదే. జగత్తన్నది గమన మను నర్థము గల ధాతువునుండి పుట్టినది. కదలునది యని దాని తొలి యర్థము. కదలుచున్న సమస్తమునకు నాథుడైనవాడు ఏటేట ఆషాఢ శుద్ధ విదియనాడు తానే గర్భాలయము విడిచి వీథికి కదలివచ్చుట ఆ పేరునకు మిక్కిలి తగియున్నది. ఇక ఆంగ్లరూపమున గల వైపరీత్యములలో పెక్కు వారి లిపి తెచ్చినవే. మన హ్రస్వమైన అకారమునకు వారు ఆ కాలమున తమ ఉకారచిహ్నమును వాడెడివారు. పండితుడు వారి వ్రాతలో పుండిత్ వలె, జంగల్ జుంగల్ వలె కనబడుటకు ఇదియే కారణము. నాచ్ అను హిందీ మాటలోని దీర్ఘమును వ్రాసిన తీరుననే నాథలోని దీర్ఘమును గూడ రెండచ్చుల జంటతో వ్రాసిరి. థకారము వారి నాలుకకు అలవడక టకారమయ్యెను. నడుమ చొచ్చిన రేఫకు మాత్రము వారిని నిందింప బనిలేదు. ఉత్తరదేశపు వాడుకలో జగర్నాథ్ అను రూపము గలదు, బీహారు ప్రాంతమున నేటికిని అది మనుష్యులకు పెట్టుకొను పేరు. గకారమును ద్విత్వము చేసిన పాపము కేవలము తెల్లవారిదే యని యెవరైన ననుకొనినచో, వారు శ్రీకాకుళము జిల్లాలో ఏ యూరికైనను పోయి జగ్గారావులను, జగ్గయ్యలను, జగ్గమ్మలను లెక్కించి రావచ్చును.

శ్రీముఖలింగము నేడు జలుమూరు మండలమున ఒక చిన్న గ్రామము. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును, వంశధారయు, శివరాత్రి పిమ్మట చక్రతీర్థస్నానమునకు వచ్చు జనసమూహమును తప్ప ఒకనాటి రాజధానీవైభవమును చాటు గురుతులు పైకంతగా కనబడవు. ఇదియే ప్రాచీన గాంగరాజుల కళింగనగరమని గుర్తించుటకు పందొమ్మిదవ శతాబ్ది ముగియువరకు పట్టినది. అంతకు పూర్వము పండితులు నదీముఖమున నున్న కళింగపట్టణమును చూపి, పేరులోని పోలికనుబట్టి అదియే రాజధాని యని తలంచుచుండిరి. పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి గారు ముఖలింగాలయముల గోడలమీది శాసనములను తామే చదివి, ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును ప్రకటించుచు, ముఖలింగమును దాని ప్రక్కనున్న నగరికటకమును కలిసి ఒకప్పటి కళింగనగరమని నిరూపించిరి. పేరులోని పోలిక వట్టి భ్రమ యనియు, రాతిమీది యక్షరము నిజమనియు వారు చూపిన ఆ పద్ధతియే మన ప్రస్తుత విచారమునకును మార్గదర్శకము. వారు పుట్టిన పర్వతాలపేట ముఖలింగమునకు సమీపముననే యున్నది. గ్రాంథికభాషను జీవితాంతము ఎదిరించిన ఆ మహనీయుని పరిశోధనమును గ్రాంథికమున ప్రశంసించు నా సాహసమును పాఠకులు మన్నింతురుగాక. వారైతే మన్నించియుండెడివారు కారని నేనెరుగుదును.

గాంగులు శైవులు. మహేంద్రగిరిమీది గోకర్ణేశ్వరుడు వారికి కులదైవము, ముఖలింగేశ్వరుడు రాజధాని వేలుపు. ఆ వంశమున రాజరాజ దేవేంద్రవర్మకును చోళరాజపుత్రి రాజసుందరికిని పుట్టి, శకవర్షము 999, అనగా క్రీస్తుశకము 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు సుమారు డెబ్బది సంవత్సరములు రాజ్యమేలెను. అంత దీర్ఘపాలనము భారతదేశ చరిత్రలో అరుదు. తల్లివైపు చోళులు, ఇరుగున వేంగి, ఉత్తరమున సోమవంశీయుల ఉత్కలము. ఈ నడుమ ఒక చిన్న రాజ్యమునకు వారసుడైనవాడు ఉత్కలమును జయించి, గోదావరీప్రాంతమునుండి గంగాతీరము దాక తన యధికారమును చాచి, రాజధానిని కటకమునకు మార్చెను. పూరీలో పురుషోత్తమునకు మహాలయము నిర్మింపజేసినవాడు ఇతడే. ఆ మహాకార్యమును పూర్వరాజులు ఉపేక్షించిరనియు, గంగేశ్వరుడే దానికి పూనుకొనెననియు ఇతని వంశజుల తామ్రశాసనములు గర్వముగా చెప్పుచున్నవి. పరమమాహేశ్వరుడైన రాజు పరమవైష్ణవ బిరుదము దాల్చుటలో భక్తి యెంత, రాజనీతి యెంత యని చరిత్రకారులు తర్కించిరి. జయించిన దేశపు దేవుని తన దేవునిగా చేసికొన్నవానికి ఆ దేశము వశమగుట సులభమని నాకు తోచును. ఇతని తరువాత నూరేండ్లు నిండకమునుపే మూడవ అనంగభీమదేవుడు రాజ్యమునంతను జగన్నాథునకు సమర్పించి, తాను ఆ స్వామికి కేవలము ప్రతినిధినని చెప్పుకొనెను. నాటినుండి పూరీలో తేరు కదలుట రాజ్యమే కదలుట యయ్యెను. నేటికిని గజపతిరాజు తేరుమీది కెక్కి బంగారుపిడి చీపురుతో ఊడ్చు ఆచారము ఆ సమర్పణమునకు నిలిచిన గురుతు.

శ్రీముఖలింగమునకును పూరీకిని మరియొక చుట్టరికము గలదు. మధుకేశ్వరుడను పేరులో మధుకమనగా ఇప్పచెట్టు. ఒక సవరనాయకునకు ఇద్దరు భార్యలుండిరనియు, వారు ఇప్పపూలకై చెట్టుకొమ్మలను పంచుకొనగా ఒకతె కొమ్మనుండి రాలిన పూలు బంగారమయ్యెననియు, ఆ తగవు తాళలేక అతడు చెట్టును నరుకబోగా మోడులో శివుని ముఖము కనబడెననియు ఇచ్చటి స్థలపురాణము. పూరీ కథలోను నీలమాధవుని అడవిలో రహస్యముగా పూజించినవాడు విశ్వావసువను శబరుడే. పిదప స్వామి దారువై, కొయ్యయై, జనులకు దొరకెను. ఆ శబరుని సంతతివారమని చెప్పుకొను దైతులు ఇప్పటికిని స్నానపూర్ణిమనుండి రథయాత్ర ముగియువరకు స్వామిసేవకు హక్కుదారులు. రెండు కథలును ఒకే మూలమునుండి పుట్టినవని నేననను. కాని వంశధారకు అటునిటు నున్న కొండలలోని సవరజాతి కళింగమునందలి రెండు మహాక్షేత్రములకును గడపమాను వలె నిలిచియున్నదని మాత్రము అనవచ్చును. ఆ సవరల భాషకు వ్యాకరణము కూర్చినవారును మరల గిడుగువారే.

ఇక పాశ్చాత్యుల సాక్ష్యమునకు వత్తము. ఈ విషయమున బరువంతయు ఇచ్చటనే యున్నది.

తేరుచక్రముల క్రింద భక్తులు పడి చత్తురను కథను ఐరోపాకు మొదట మోసికొనిపోయినవాడు ఓడొరిక్ అను ఇటలీదేశపు ఫ్రాన్సిస్కను సన్న్యాసి. అతడు పదునాలుగవ శతాబ్ది తొలిభాగమున తూర్పుదేశములు తిరిగి, 1330లో తన యాత్రావృత్తాంతమును చెప్పి వ్రాయించెను. విగ్రహమును రథముమీద నెక్కించి ఊరేగింతురనియు, యాత్రికులు దాని క్రింద పడి ప్రాణములు విడుతురనియు అందున్నది. అయితే ఆ వర్ణనము పూరీని గూర్చినది కాదు. ఓడొరిక్ దానిని మోబర్ అను దేశమునకు, అనగా సెయింట్ థామసు సమాధి గల చోళమండలతీరమునకు, చెప్పినాడు. పిదప ఇల్లు కదలకయే లోకము తిరిగినట్లు వ్రాసిన సర్ జాన్ మాండెవిల్ గ్రంథము ఆ ముక్కను ఎత్తి రాసికొనగా, అది ఐరోపాభాషలన్నిట వ్యాపించెను. కావున ఆంగ్లేయుడొకడు జగన్నాథక్షేత్రమును కంటితో చూచుటకు సుమారు మూడువందల యేండ్ల పూర్వమే అతడు చూడవలసిన దృశ్యము అతని పుస్తకములలో సిద్ధముగా నుండెను.

ఆ చూచినవాడు విలియం బ్రూటన్. ఇతడు మన మచిలీపట్టణపు కుంపిణీవారిలోనివాడు. 1633లో అచ్చటినుండి కొందరు ఆంగ్లేయులు నాటుపడవలో ఒరిస్సాతీరమునకు వర్తకమునకై పోయినపుడు వారితో నుండెను. 1638లో లండనున అచ్చయిన అతని చిన్నపుస్తకమున జగన్నాథుని పేరు ఆంగ్లమున ఇంచుమించుగా నేటి రూపముతో కనబడుచున్నది. ఆలయమును సైతానుని ఇల్లుగా తిట్టుటయు, తేరును దాని చక్రములను వర్ణించుటయు, చక్రముల క్రింద పడి కాలుసేతులు విరుగగొట్టుకొనువారిని, చచ్చువారిని గూర్చి చెప్పుటయు అందున్నవి. అటుపిమ్మట ఫ్రెంచి వైద్యుడు బెర్నియే మొదలగువారు అదే కథకు తమ తమ రంగులు పూసిరి. ఈ కాలమంతయు ఆ మాట ఒక యూరి పేరు, ఒక దేవుని పేరు మాత్రమే. సామాన్యార్థము దానికింకను రాలేదు.

ఆ యర్థము రావలెనన్నచో ఇంగ్లండులో ఇంటింట ఆ పేరు వినబడవలెను. ఆ పని చేసినది భక్తి గాదు, పన్ను. 1803లో కుంపిణీవారు మరాఠాలనుండి ఒరిస్సాను గ్రహించి, మరాఠాలు తీయుచుండిన యాత్రికుల సుంకమును 1806 నాటి నిబంధనతో తామే వసూలు చేయ మొదలిడిరి. ఆలయనిర్వహణమును రథోత్సవపు ఖర్చులను గూడ ప్రభుత్వమే చూచెను. ఆ సంవత్సరమే జూనునెలలో ఫోర్టు విలియం కళాశాలకు ఉపాధ్యక్షుడైన క్లాడియస్ బుకానన్ అను క్రైస్తవాచార్యుడు పూరీ చేరెను. దారిపొడుగున చచ్చి పడియున్న యాత్రికుల యెముకలను, ఆకలిచేత వ్యాధిచేత ప్రాణములు విడుచువారిని, తేరు ముందు పడుకొని నలిగిన ఒకనిని చూచితినని అతడు వ్రాసెను. జగన్నాథుని బైబిలులోని మోలోకు అను నరబలిదైవముతో పోల్చెను. 1811లో వెలువడిన అతని గ్రంథము పెక్కు ముద్రణములు పొందినది. దాని కాలమును గమనింపవలెను. రెండేండ్లలో, అనగా 1813లో, కుంపిణీ సనదు పార్లమెంటున పునర్విమర్శకు రావలసియుండెను. ఇండియాలో మతప్రచారకులకు తలుపులు తెరువుమని అడుగువారికి చక్రము క్రింది శవముకంటె బలమైన వాదము మరియొకటి లేదు. క్రైస్తవప్రభుత్వము విగ్రహమువలన రాబడి తీయుచున్నదను నింద మిషనరీసభలలో, కరపత్రములలో, మూడు దశాబ్దములు మారుమ్రోగి, తుదకు 1840లో ఆ సుంకము రద్దయ్యెను. సుంకము పోయినది గాని దానిపై జరిగిన వాదములలో అరిగి నునుపెక్కిన మాట మాత్రము ఆంగ్లమున నిలిచిపోయినది.

బుకానన్ అబద్ధమాడెనని నేననుటలేదు. అతడు చూచిన చావులు నిజములే. కాని వానిలో ఎక్కువ భాగము చక్రముల వలన కలిగినవి కావు. వర్షర్తువు మొదట లక్షలమంది కాలినడకన వచ్చి, త్రాగునీరు నిలువనీడ కరవై, కలరా మున్నగు వ్యాధుల పాలగుట వలన కలిగినవి. తేరు విషయమున అతనికంటె ఓపికగా చూచినవాడు ఆండ్రూ స్టర్లింగ్. ఒరిస్సాలో ఉద్యోగియైన ఇతడు 1825లో ఏషియాటిక్ రిసర్చెస్ పదునేనవ సంపుటమున ఆ దేశమును గూర్చి వ్రాయుచు, తాను రథయాత్ర చూచిన నాలుగు సంవత్సరములలో చక్రముల క్రింద పడి చచ్చినవారు మువ్వురే యనియు, అందొకటి ప్రమాదము కావచ్చుననియు, తక్కిన యిరువురు భరింపరాని వ్యాధిచేత చిరకాలము బాధపడి చావగోరినవారనియు స్పష్టపరిచెను. 1872లో డబ్ల్యు.డబ్ల్యు. హంటరు తన ఒరిస్సా గ్రంథమున పాతలెక్కలను పరిశీలించి, ఆత్మాహుతి వైష్ణవమతమునకే విరుద్ధమనియు, పూరీలో రక్తము చిందిన యెడల ఆలయమే అపవిత్రమగుననియు వాదించి, జగన్నాథుని మీద పడిన అపవాదమును కడిగివేయ జూచెను. ఇతడును తెల్లదొరయే, ప్రభుత్వోద్యోగియే. తెల్లవారందరును ఒకే కన్నుతో చూచిరనుకొనుట మనము చేయదగని పొరపాటు. 1886లో వెలువడిన హాబ్సన్ జాబ్సన్ అను ప్రసిద్ధ నిఘంటువు స్టర్లింగు సాక్ష్యమును గూడ చేర్చుకొన్నది.

ప్రమాదములు జరుగుటకు కారణము దేవునిలో గాక బండియందు వెదుకవలసియున్నది. నందిఘోషమను జగన్నాథుని తేరు సుమారు నలుబదియైదడుగుల యెత్తు. దానికి పదునారు చక్రములు. బలభద్రుని తాళధ్వజమునకు పదునాలుగు, సుభద్ర తేరునకు పన్నెండు. ఏటేట కొత్తకొయ్యతో కట్టు ఈ తేరులకు చుక్కాని లేదు, కళ్ళెము లేదు. వేలమంది మోకులు పట్టి లాగుదురు; ఆపవలసినపుడు చక్రముల క్రింద దిమ్మలు త్రోయుదురు. ముందు లాగువారు తూలినను, వెనుక జనము త్రోపిడి పెట్టినను, దిమ్మ జారినను, అంత బరువు క్షణములో ఆగదు. మన యూరి తేరులయందును ఈ భయము కొంత లేకపోలేదు. తేరు లాగునపుడు పిల్లలను చేయిపట్టి వెనుకకు లాగని తల్లి యుండదు. నదిలో పడవ మునిగినచో నదికి నరబలి యిచ్చిరని వ్రాయువారు లేరు; తేరు క్రింద మనుష్యుడు పడినచో మాత్రము అది భక్తియని వ్రాసిరి. దూరమున, ఉన్నతాసనమున నిలిచి చూచువానికి త్రొక్కిసలాటయు, ఆత్మార్పణమును ఒకే తీరున కనబడును.

మాట వ్యాపించిన పిదప అది యింగ్లీషు సాహిత్యమున పాకిన తీరును క్లుప్తముగా చెప్పి పోదును. 1810లో కవి సదీ తన కెహామా కావ్యమున ఒక సర్గకే ఆ పేరు పెట్టెను. 1847 నాటి జేన్ ఐర్ నవలలో అనాథబాలికను తిట్టు ధర్మకర్త నోట ఆ పేరు అన్యమతమూఢతకు గురుతుగా వచ్చుచున్నది. ఆ శతాబ్ది నడుమనుండి దేవుడు తొలగి అర్థము మాత్రము మిగిలినది. 1867లో మార్క్సు తన పెట్టుబడి గ్రంథమున శ్రామికుని ఆలుబిడ్డలు పెట్టుబడి యను జగన్నాథచక్రము క్రింద నలుగుచున్నారని జర్మనుభాషలోనే ఆ మాట వాడెను. 1886లో స్టీవెన్సన్ తన జెకిల్, హైడ్ కథలో పసిపిల్లను త్రొక్కి పోయిన దుష్టుని దీనితోనే పోల్చెను. ఇరువదవ శతాబ్దిలో అది పెద్దలారీలకు పేరై, 1965లో అమెరికా బొమ్మలకథలలో గోడలను తలతో పగులగొట్టు ఒక బలశాలికి పేరయ్యెను. 1990లో ఆంథొనీ గిడెన్స్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఆధునికజీవితమును కొంత నడుపగలిగినట్లును కొంత పట్టుతప్పినట్లును సాగు జగ్గర్నాట్ అని వర్ణించి, పేరునకు వివరణ యిచ్చుచు అడుగుసూచికలో, భక్తులు ఆ తేరు క్రింద పడి నలిగెడివారని చెప్పుదురు అని వ్రాసెను. స్టర్లింగు లెక్క అచ్చయి అప్పటికి నూటయరువదియైదు సంవత్సరములు. లెక్క తెలిసినను కథ చావదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

కళింగమునుండి సముద్రము దాటిన మాట ఇదొక్కటియే కాదు. కళింగమను దేశనామమే మలయాభాషలో కెలింగ్ అయి, ఆ తీరమునకు ఓడలలో పోయిన భారతీయులకెల్ల పేరయ్యెను. సింగపూరు, పినాంగులలోని ఆంగ్లేయులు దానిని క్లింగ్ అని పలికిరి. వంశధారాముఖమున కళింగపట్టణమున ఓడలెక్కిన వర్తకుల కీర్తి మోసిన పేరు, పిదప కూలిపనికై వచ్చినవారిపై పడి, తుదకు తిట్టుగా దిగజారినది. నేడు మలేషియాలోని మన వారు దానిని వినుటకే అంగీకరింపరు. రాజవంశమువారి దేవుడు ఒక భాషలో నరభక్షకుడగుటయు, రాజ్యముయొక్క పేరు మరియొక భాషలో నిందయగుటయు చూచినపుడు, మాటకు గౌరవము దాని పుట్టుకవలన గాక, దానిని పలుకువాని యధికారమువలన వచ్చునని తోచకమానదు.

అదే జగన్నాథుడు తెలుగుభాషకు ఏమి యిచ్చెనో విచారించినయెడల విషయము పూర్తియగును. ఉత్తరాంధ్రమున జగన్నాథాలయములు లేని తాలూకా అరుదు. మందసయు, ఇచ్ఛాపురమును, బారువయు, పర్లాకిమిడియు ఉన్న ఈ ప్రాంతమంతయు మొన్న మొన్నటి దాక, 1936లో ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమగువరకు, ఒకే గంజాము జిల్లా. ముఖలింగము గూడ పర్లాకిమిడి జమీందారీలోనిదే. యాత్రకు పోయినవారు పూరీలో ముఖ్యముగా చూచి వచ్చినది తేరుచక్రము గాదు, ఆనందబజారు. మట్టికుండలలో ఒకదానిమీద నొకటి పెట్టి వండిన మహాప్రసాదమును అచ్చట ఏ కులమువాడు తాకినను మైలలేదు. ఒకరి యాకులోని మెతుకును మరియొకరు నోట పెట్టుకొన్నను తప్పులేదు. ఇంటివద్ద మడికట్టు విడువని ముసలమ్మ అచ్చట అన్యుని చేతి ముద్దను కన్నులకద్దుకొని తినుట చూచినవారు తెల్లబోయి వచ్చి ఆ ముచ్చట చెప్పుకొనిరి. సర్వం జగన్నాథం అను నానుడి తెలుగున వాడుకయైనది ఆ ముచ్చటనుండియే. ఎచ్చటనైనను తేడాలు చెరిగి, ఎవరి విస్తరి ఎవరిదో తెలియకుండ అందరు కలిసిపోయినపుడు మనవారు నవ్వుచు ఆ మాట యందురు. కొంత ఎగతాళి, కొంత ఒప్పుకోలు, కొంత ముచ్చట అందులో కలిసియుండును. ఈ నానుడిని కుల భేదముల విషయమున మనవారికున్న చిత్తశుద్ధికి సాక్ష్యముగా చూపుటకు నేను సాహసింపను; పూరీ పొలిమేర దాటగానే మరల మడి కట్టుకొన్నవారే ఎక్కువ. అయినను ఒక భాష ఒకే దేవునినుండి నలుగుటను, మరియొక భాష కలిసి తినుటను గ్రహించెను. ఆంగ్లేయుడు తేరుదారి ప్రక్కన నిలిచి చూచెను. ఆలయములోనికి అతనికి ప్రవేశము లేదు, ఆనందబజారులో అతనికి ఆకు లేదు. తెలుగువాడు లోపల కూర్చుండి తినెను. ఇరువురును తామున్న చోటినుండి కనబడినదానినే మాటగా కట్టిరి.

ఈ రెండు వాడుకల నడుమ మూడవది యొకటి గలదు. విశాఖపట్టణమున పుట్టిన శ్రీశ్రీ తన మహాప్రస్థానమున ఒక గేయమునకు జగన్నాథుని రథచక్రాలు అని పేరు పెట్టెను. ఆ సంపుటము 1950లో గ్రంథరూపమున వచ్చినది. ఆంగ్లపదములోని అనివార్యత యంతయు ఆ చక్రములయందున్నది. అవి ఆగవు, ఎవరు వారించినను మరలవు, భూమి అదరునట్లు వచ్చును. కాని బతుకులో ఓడినవారిని, సంఘము వెలివేసినవారిని కవి పిలిచి, ఆ చక్రములు వారి పక్షమున వచ్చుచున్నవని చెప్పుచున్నాడు. ఓడొరిక్ వృత్తాంతమున, బుకానన్ గ్రంథమున, మార్క్సు వాక్యమున గూడ చక్రముల క్రింద నుండినది పేదవాడే. శ్రీశ్రీ గేయమున ఆ పేదవాడు తేరువైపు నిలిచినాడు.